మావయ్య కొలెస్ట్రాల్, నా రాజీనామా

మావయ్య ఇప్పుడే వెళ్ళాడు. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది.

పొద్దున్నే వచ్చి, ఇడ్లీలో నెయ్యి వేశావా అని అమ్మని నాలుగుసార్లు అడిగి, ఐదోసారి వేలితో రాసి చూసుకుని, అప్పుడు నా మీద పడ్డాడు. "ఉద్యోగం మానేసి కర్రీ పాయింట్ పెడతావటగా? కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగాలి, తెలుసా?" నాకే జబ్బూ లేదు మహాప్రభో! గుండెలో స్టెంట్ పడింది తమరికి.

అసలు ఈయన ధైర్యమంతా ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉంటుంది. పోయిన నెల గుండెకి తీసిన ఎకో స్కాన్ నార్మల్ వచ్చింది. ఆ వారమంతా ప్లాట్ల బ్రోచర్లు పట్టుకుని తిరిగాడు, నాన్నని కూడా అడ్వాన్స్ కట్టమని చంపుకుతిన్నాడు. నిన్న ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, కాస్త పెరిగింది. అంతే, ఇవాళ లోకంలో ఎవ్వరూ కొత్త పని మొదలుపెట్టకూడదు! తన డబ్బు 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో పెట్టాడు. అంతకు మించి తీసుకోరు కాబట్టి మిగతాది బ్యాంకుల్లో. బ్యాంకు మునిగితే 5 లక్షల వరకే గ్యారంటీ, వడ్డీ కూడా అందులోనే లెక్కట, అందుకని ఒక్కోదాంట్లో నాలుగున్నరే. పెట్టుకో నాయనా. నీ గుండె, నీ డబ్బు.

మరి 1995లో ఏమైంది ఈ జాగ్రత్త? అప్పుడు గుండె గట్టిగా ఉంది కదా! టైగర్ రొయ్య వేస్తే కోటీశ్వరులమే అని అమ్మ గాజులు తాకట్టు పెట్టించి భీమవరం దగ్గర చెరువు లీజుకు తీసుకున్నాడు. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చింది. వారం తిరక్కుండా రొయ్యలన్నీ గట్టుకొచ్చి చచ్చాయి. గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మ ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వన్ గ్రామ్ గోల్డ్ వేసుకెళ్తుంది. ఎవరైనా "కొత్తవా?" అని పట్టుకుని చూడబోతే చెయ్యి కొంగులోకి లాక్కుంటుంది. ఇవాళ ఆ చేత్తోనే ఆయనకి నెయ్యి లేని ఇడ్లీ వడ్డించింది.

గాజుల మాట ఎత్తబోయాను. "ఊరుకోవే, వాడికి టెన్షన్ పెట్టకూడదన్నాడు డాక్టరు" అంది అమ్మ. స్టెంట్ పడితే ఇన్ని సౌకర్యాలుంటాయని నాకు తెలీదు.

రాజీనామా మెయిల్ డ్రాఫ్టులోనే ఉంది. మావయ్య మాటలకి భయపడి కాదు. నిన్న షుగర్‌కీ థైరాయిడ్‌కీ రక్తం ఇచ్చొచ్చాను, సోమవారం రిపోర్టులు వస్తాయి. అవి చూసి పంపుదామని.