జెండా వందనానికి పోని తండ్రి

ఈ ఆగస్టు 15న నేను మా ఆఫీసులో జరిగిన జెండా వందనానికి పోలేదు. అప్పటికి మా పాప పుట్టి పన్నెండు రోజులు. ముందు రోజు రాత్రంతా అది నిద్రపోలేదు, దాని తల్లిని నిద్రపోనివ్వలేదు. తెల్లవారి నేను పాప గుడ్డలు ఉతికి ఆరేస్తుండగా, సైన్యంలో హవల్దారుగా చేసి విరమించిన మా మామ, ఇస్త్రీ చొక్కాకు మూడు రంగుల బిళ్ల పెట్టుకొని గడప దగ్గర నిలబడి, నన్నూ ఆ గుడ్డలనూ ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ అనని మాట వారం రోజుల తరువాత, బారసాలకు ముందు రోజు సాయంత్రం, చంద్రగిరిలో వారి మిద్దె మీద బయటికి వచ్చింది. మేము మాట్లాడుకున్నది చిత్తూరు యాసలోనే గాని, తరువాత కూర్చుని వ్రాసేటప్పుడు దానిని పుస్తకభాషలో పెట్టాను. మామ మాటలు నా మాటలకన్నా సూటిగా కనబడితే అది నా వ్రాత గొప్ప కాదు, ఆయన తీరే అంత.

మామ: నాయనా, పోయిన ఏడాది వరకు అందరికన్నా ముందు పోయి జెండా కొయ్యకు తాడు కట్టినవాడివి నువ్వే. బిడ్డ పుట్టిన పన్నెండు రోజులకే దేశం అంత చిన్నదైపోయిందా?

అల్లుడు: చిన్నది కాలేదు, మామయ్యా, అది ఎక్కడ ఉన్నదో ఇప్పుడు తెలిసింది. ఇంతకు ముందు నా దేశభక్తి ఏడాదికి రెండు రోజులు, నలుగురూ చూస్తుండగా, గొంతెత్తి చేసే పని. దానికి నాకు అయ్యే ఖర్చు ఒక గంట సమయం, ఒక ఉతికిన చొక్కా. ఇప్పుడు రాత్రి ఒంటిగంటకు ఒక ప్రాణాన్ని భుజాన వేసుకొని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, మెచ్చుకునేవారు లేని చోట చేసే పని ఎలా ఉంటుందో మొదటిసారి అర్థమవుతున్నది. ఈ దేశానికి నేను ఏమైనా ఇవ్వగలిగితే, అది ఒక మనిషిని సరిగ్గా పెంచి ఇవ్వడమేనని నాకు తోస్తున్నది.

మామ: బిడ్డను పెంచడం కోతి కూడా చేస్తుంది. తిరుమల మెట్లదారిలో చూడలేదా, పిల్లను పొట్టకు కరిపించుకొని చెట్టు నుంచి చెట్టుకు దూకుతుంది. ఆ ప్రేమకు వంక పెట్టడానికి ఏమీ లేదు. కాని పక్క కోతి పిల్ల చేతిలో అరటిపండు కనబడితే అదే తల్లి లాక్కుంటుంది. తన బిడ్డ మీద ప్రేమ పుట్టుకతో వస్తుంది. ఎదుటివాని బిడ్డ కోసం నిద్ర చెడగొట్టుకోవడం మాత్రం మనిషి నేర్చుకోవలసినది, దానినే నేను దేశభక్తి అంటాను. రాత్రి ఒంటిగంట మాట నువ్వే తెచ్చావు గనుక అడుగుతున్నాను. అమ్మాయికి నొప్పులు మొదలైన రాత్రి ఇక్కడి నుంచి తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి 108లో పోయాము గదా. ఆ బండి నడిపిన పిల్లవానికి ఇంట్లో బిడ్డలు లేరనుకున్నావా? ‘నా బిడ్డ ఏడుస్తున్నది, ఈ పూట రాలేను’ అని అతడు అనుకొని ఉంటే మన పాప ఎక్కడ పుట్టేది?

(దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. కింద అత్తమ్మ బాలింతకు కాయం దంచుతున్న చప్పుడు వినబడుతున్నది. ఆ చప్పుడు ఆగిన తరువాతనే నాకు మాట వచ్చింది.)

అల్లుడు: ఆ పిల్లవానికి నేను చేతులెత్తి మ్రొక్కుతాను. అయితే 108 బండ్లు మన రాష్ట్రంలో మొదలైనదీ ఆగస్టు 15నే, 2005లో. ఆ రోజు ఎన్ని చోట్ల జెండాలు ఎగిరాయో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ బండి మాత్రం అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నది. నేను జెండా దగ్గరకు పోకపోతే ఎవరి ప్రాణమూ పోదు, అతడు బండి ఎక్కకపోతే పోతుంది. రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి.

మామ: దీపం వెలిగించకపోతే దేవునికి చీకటి కాదు. అయినా మీ అత్త ఒక్క సాయంత్రం కూడా మానదు. ఒక పూట మానితే రెండో పూట మానడం సులభమని ఆమెకు తెలుసు. పైగా నువ్వు పాడకుండా ఉండిపోయిన ఆ జాతీయ గీతాన్ని ఠాగూరు 1919 ఫిబ్రవరిలో ఆంగ్లంలోకి మార్చినది ఎక్కడనుకున్నావు? అప్పటి మన చిత్తూరు జిల్లా మదనపల్లెలో, అనిబిసెంటు పెట్టిన కళాశాలలో. అక్కడ దానికి స్వరం వ్రాసిపెట్టినది ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లండు మనిషి. ఈ దేశం ఆమెకు పుట్టిల్లూ కాదు, మెట్టినిల్లూ కాదు. అయినా 1932లో ఇక్కడివారి హక్కుల కోసం మాట్లాడి జైలుకు కూడా పోయింది. నెత్తురు బంధం లేని చోట ఆమె అంత మనసు పెట్టింది; నువ్వేమో నెత్తురు బంధం కనబడగానే అక్కడే చతికిలబడ్డావు.

అల్లుడు: బడిలో మనమందరమూ చెప్పిన ప్రతిజ్ఞ ఉన్నది గదా, 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు వ్రాసినది. దేశాన్ని ప్రేమిస్తున్నానని చెప్పించిన నోటితోనే తల్లిదండ్రులను, పెద్దలను గౌరవిస్తానని కూడా అది చెప్పిస్తుంది. ఇల్లు వేరు, దేశం వేరు అని ఆయన అనుకోలేదు.

మామ: వరుస చూడు. భారతీయులందరూ సహోదరులన్న తరువాతనే తల్లిదండ్రుల మాట వస్తుంది.

అల్లుడు: వరుస సంగతి వదిలి, జరిగిన సంగతి ఒకటి చూద్దాము. మన దేశంలో పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో, ఒక ఆడపిల్లకు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతమంతటినీ పోలియో లేనిదిగా ధ్రువీకరించింది. అది ఏ సేనాపతో గెలిచిన యుద్ధం కాదు. ఆదివారం పూట కోట్ల ఇళ్లలో ఎవరి బిడ్డను వారు చంకన వేసుకొని బూత్ దాకా నడిచి, రెండు చుక్కలు వేయించుకొని వచ్చినందుకు గెలిచాము. ఒక్కొక్కరూ పోయినది తమ బిడ్డ కోసమే, కాని దానితో దేశమంతా బాగుపడింది. మా పాపకు పుట్టిన రోజునే చుక్కలు వేసి, చేతికి బి.సి.జి. సూది వేస్తుంటే నాకు ఇదే జ్ఞాపకం వచ్చింది.

మామ: లెక్కలో సగం వదిలేశావు. బూత్‌కు రాని ఇళ్ల మాటేమిటి? మరునాడు ఇల్లిల్లూ తిరిగి, పిల్లవాని వేలికి సిరా గుర్తు ఉన్నదో లేదో చూసి, గోడ మీద సుద్దతో గీత గీసి, తలుపు తీయనివారి ఇంటికి మళ్లీ పోయినది ఎవరు? అంగన్‌వాడీ అమ్మలు, ఆశా కార్యకర్తలు. వాళ్ల పిల్లలకు చుక్కలు మొదటి రోజే పడ్డాయి. తమ బిడ్డ కోసమే అయితే ఎండలో తిరగవలసిన పని వాళ్లకు లేదు. తండ్రుల ప్రేమ బూత్ దాకా వచ్చి ఇంటికి మళ్లింది. అక్కడి నుంచి మిగిలిన దారి నడిచినది వేరే ప్రేమ. దానికి ఏ పేరు పెడతావో నువ్వే పెట్టు, బారసాల రేపే గదా.

(ఇక్కడ నేను ఓడిపోయానని నాకు అప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికి బదులు మరొక చోట గుచ్చాను. వాదంలో అది పద్ధతి కాదని వ్రాస్తున్నప్పుడు అనిపిస్తున్నది గాని, ఆ ప్రశ్న అడిగినందుకు విచారం లేదు.)

అల్లుడు: సరే, మీ సంగతికే వస్తాను. 1994లో మీ అమ్మాయి పుట్టినప్పుడు మీరు కాశ్మీరులో ఉన్నారు. టెలిగ్రాం చేరినది నాలుగో రోజున, మీరు బిడ్డను చూసినది ఏడో నెలలో. మీరు దేశానికి ఇచ్చారని ఊరంతా అంటుంది, నేనూ అంటాను. కాని ఆ ఏడు నెలలు మీ ఒక్కరి సొత్తేనా? పచ్చి బాలింతగా ఉండి, పసిదానికి జ్వరం వస్తే ఒంటరిగా బస్సెక్కి తిరుపతికి పోయి వచ్చినది అత్తమ్మ. ఆమె వాటాను కూడా మీ చేతితో మీరే ఇచ్చేశారు. ఇవ్వవచ్చునా అని ఆమెను ఎప్పుడైనా అడిగారా?

(మామ చాలాసేపు కోట వెనుక కొండ వైపు చూస్తూ ఉండిపోయారు.)

మామ: అడగలేదు. అడగవచ్చునని కూడా తోచలేదు. ఏడో నెలలో నేను ఇంటికి వస్తే నీ భార్య నన్ను చూసి భయపడి ఏడ్చింది. మూడు రోజులు దగ్గరకు రాలేదు. మీసాలు తీసేశాను. నాలుగో రోజు వచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అయితే ఒక్కటి మాత్రం విను: ఆ రాత్రులు ఆ కొండ మీద ఎవరో ఒకరు నిలబడవలసినదే. నాకు సెలవు దొరికి ఉంటే, నా చోట నిలబడేవాడు కూడా ఎవరి బిడ్డకో తండ్రి అయి ఉండేవాడు.

అల్లుడు: అది కాదనలేను. కాని ఇప్పుడు కేంద్ర ప్రభుత్వోద్యోగికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. ప్రైవేటు ఉద్యోగం చేసే తల్లికి 26 వారాలు ఇచ్చిన 2017 నాటి చట్ట సవరణలో తండ్రి మాటే లేదు గనుక, నా స్నేహితులలో చాలామందికి ఆ భాగ్యం లేదు. దేశం నన్ను ఇంటి దగ్గర ఉండమని ఇచ్చిన ఆ 15 రోజులలో ఒకటి ఆగస్టు 15 అయింది. దానిని దేశం చెప్పిన చోటనే గడిపాను.

మామ: మాట నేర్పరివి. అయితే ఇది చెప్పు. 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ఆడపిల్లలను కూడా చేర్చుకుంటున్నారు. పదిహేడేళ్ల తరువాత పాప వచ్చి ‘నేను పోతాను, నాన్నా’ అంటే ఏమంటావు? నాతో వాదించినట్టు కాదు, దాని ముఖం చూసి చెప్పవలసి వస్తే?

అల్లుడు: వద్దంటాను, మామయ్యా. ఏవేవో కారణాలు చెప్పి వద్దంటాను. అవన్నీ ఇప్పుడు మీకు చెప్పినవాటికన్నా బలహీనంగా ఉంటాయి. అప్పుడు దాని పక్షాన మీరు మాట్లాడాలి.

మామ: ఉంటే మాట్లాడతాను. ముందు రేపు పేరు పెట్టగానే ఆ పేరు వ్రాయించి జనన ధ్రువపత్రం తెచ్చుకో. 2023 అక్టోబరు నుంచి పుట్టినవారికి బడిలో చేర్చాలన్నా, ప్రభుత్వోద్యోగానికన్నా పుట్టిన తేదీకి అదే రుజువట. అది లేకపోతే వద్దనే శ్రమ నీకు ఉండదు, వాళ్లే తిప్పి పంపుతారు.