ఆ ఇద్దరి మాటకు విలువ లేదా?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 2016లో ఎవాంజెలిస్టో రామోస్ అనే వ్యక్తిపై హత్య కేసు విచారణ జరిగింది. సాక్ష్యాలు విని తీర్పు చెప్పే సాధారణ పౌరుల బృందమైన జ్యూరీలోని 12 మందిలో పది మంది ఆయన్ని దోషి అన్నారు. నేరం రుజువు కాలేదని మిగతా ఇద్దరు తేల్చిచెప్పారు. మరో 48 రాష్ట్రాల్లో ఎక్కడైనా ఆ ఓట్లతో శిక్ష వేయడం కుదిరేది కాదు. లూసియానాలో కుదిరింది. పెరోల్‌కు ఏమాత్రం అవకాశం లేని యావజ్జీవ శిక్ష వేసి రామోస్‌ను జైలుకు పంపారు. ఆయన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడారు. తీవ్రమైన నేరాల్లో దోషి అని తేల్చాలంటే జ్యూరీ మొత్తం ఒక్క మాట మీద ఉండాల్సిందేనని 2020 ఏప్రిల్ 20న ఆ కోర్టు 6-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. దాంతో 2023లో రామోస్ కేసును కొత్త జ్యూరీ విన్నది. ఈసారి ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టారు. మొదటి జ్యూరీలో ఆ ఇద్దరికి వచ్చిన అనుమానానికి విలువ దక్కడానికి ఏడేళ్లు పట్టింది.

నేరం రుజువైందనడానికి అనుమానానికి తావు ఉండకూడదన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే. ఒకే గదిలో కూర్చుని, ఒకే సాక్ష్యాలు విన్న 12 మందిలో ఇద్దరికి అనుమానం మిగిలిపోతే, దాన్ని లెక్కలోంచి తీసేసే హక్కు మిగతా పది మందికి ఎక్కడిది? ఎమ్మెల్యేని ఎన్నుకోవడానికి మెజారిటీ చాలు, అయిదేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. ఒక మనిషిని బతుకంతా జైల్లో పెట్టడానికి అదే కొలత పనికిరాదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

అసలు లూసియానాకు ఈ పద్ధతి ఎలా వచ్చిందో చూస్తే మనసు కలుక్కుమంటుంది. 1898లో అక్కడ రాజ్యాంగ సదస్సు జరిగింది. రాష్ట్రంలో తెల్లవారి ఆధిపత్యాన్ని స్థిరపరచడమే తమ పని అని ఆ సదస్సులో ఒక కమిటీ అధ్యక్షుడు బాహాటంగానే ప్రకటించాడు. నల్లజాతి పౌరులను జ్యూరీల నుంచి పూర్తిగా తప్పిస్తే కేంద్రం జోక్యం చేసుకుంటుందని వాళ్లకు తెలుసు. అందుకని కూర్చోనిచ్చారు, కానీ వాళ్ల ఓటుకు బలం లేకుండా చేశారు. 12 మందిలో తొమ్మిది మంది ఒప్పుకుంటే చాలని రాసుకున్నారు. జ్యూరీలో ఒకరో ఇద్దరో నల్లజాతి వారు ఉన్నా, వారేమన్నా, తీర్పు ఆగదు. రాసిన వాక్యంలో జాతి పేరు ఎక్కడా లేదు. 1974 నాటి రాజ్యాంగంలో తొమ్మిదిని పది చేశారు తప్ప పద్ధతి పోలేదు.

ఇదే దారి పట్టిన రెండో రాష్ట్రం ఒరెగాన్. ఆ కథలో పత్రికల పాత్ర ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 1933లో అక్కడ ఒక యూదు యువకుడిపై హత్య కేసు నడిచింది. హత్యానేరం మోపడానికి జ్యూరీలో ఒక్కరు ఒప్పుకోలేదు. చివరికి రాజీపడి చిన్న నేరానికి మాత్రమే దోషి అన్నారు, శిక్షా తక్కువే పడింది. జనంలో ఆగ్రహం లేచింది. పోర్ట్‌లాండ్‌లోని ‘మార్నింగ్ ఒరెగోనియన్’ పత్రిక దాన్ని చల్లార్చే ప్రయత్నం చేయలేదు. దక్షిణ, తూర్పు ఐరోపాల నుంచి వలస వచ్చినవారికి జ్యూరీ పద్ధతి అలవాటు లేదని, వారి వల్లే ఈ వ్యవస్థ భారంగా మారిందని సంపాదకీయం రాసింది. మరుసటి ఏడాది ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించారు. పది మంది చాలన్నారు. ఒక తీర్పు మీద వచ్చిన కోపం 86 ఏళ్ల పాటు చట్టంగా నిలిచింది. సంచలన కేసులో తీర్పు నచ్చనప్పుడు పత్రికలు ఎంత జాగ్రత్తగా రాయాలో మాతో సహా అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన చరిత్ర ఇది.

లూసియానాలో మరో పత్రిక దీనికి పూర్తిగా భిన్నమైన పని చేసింది. బాటన్ రూజ్ నుంచి వెలువడే ‘ది అడ్వొకేట్’ విలేకరులు పాత కేసుల రికార్డులు తిరగేసి, జ్యూరీలో ఎవరు ఎటు ఓటేశారో లెక్క తీశారు. ఈ నిబంధన దెబ్బ నల్లజాతి నిందితుల మీద, నల్లజాతి జ్యూరీ సభ్యుల మీదే ఎక్కువగా పడుతోందని అంకెలతో చూపించారు. 2018 నవంబరులో జరిగిన ఓటింగ్‌లో నూటికి 64 మంది పాత పద్ధతిని రద్దు చేయాలన్నారు. ఆ కథనాలకు 2019లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

అయితే అన్యాయం అంతటితో తీరిపోలేదు. ఓటర్లు తెచ్చిన మార్పు 2019 జనవరి 1 నుంచి జరిగిన నేరాలకే వర్తించింది. రామోస్ తీర్పు కూడా అప్పీళ్లు అన్నీ ముగిసిపోయిన పాత ఖైదీలకు వర్తించదని 2021లో సుప్రీంకోర్టు మరో కేసులో చెప్పింది. ఆ కేసులోని ఖైదీ ఎడ్వర్డ్స్ నల్లజాతి వ్యక్తి. ఆయన జ్యూరీలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు ఆయన్ని నిర్దోషి అన్నాడు. అదే పాత నిబంధన ఆ ఓటును మింగేసింది. పాత ఖైదీలకూ కొత్త విచారణ దక్కాలని ఒరెగాన్ సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 30న తీర్పు ఇచ్చింది. లూసియానా సుప్రీంకోర్టు అదే ఏడాది కుదరదంది. శాసనసభలో బిల్లులు వచ్చినా గట్టెక్కలేదు. అలా చీలిన జ్యూరీల తీర్పులతో దాదాపు వెయ్యి మంది ఇంకా అక్కడి జైళ్లలో ఉన్నారని అంచనా. ఒక పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేలాక, అదే పద్ధతిలో శిక్ష పడినవాళ్లను తేదీల పేరుతో లోపలే ఉంచడాన్ని ఏ న్యాయం సమర్థిస్తుంది? వాళ్లను వదిలేయమని ఎవరూ అడగడం లేదు, మళ్లీ విచారించమంటున్నారు. ఒరెగాన్ ఆ భారం మోస్తోంది. లూసియానా కూడా మోయాలి.

ఇందులో బాధిత కుటుంబాల బాధ ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కోర్టు మెట్లెక్కి, మళ్లీ అన్నీ గుర్తుచేసుకోవడం నరకమే. సాక్షులు చనిపోయి ఉండొచ్చు, ఆధారాలు పోయి ఉండొచ్చు. కానీ అసలు దోషి ఎవరన్నది సరిగ్గా తేలకపోతే ఆ కుటుంబాలకు మాత్రం దక్కిందేమిటి? ఒక్క మొండిమనిషి ఉంటే తీర్పే రాదన్న వాదన కూడా అనుభవంలో నిలవలేదు. ఏకగ్రీవం తప్పనిసరైన చోట కూడా జ్యూరీ తేల్చలేకపోయే కేసులు నూటికి ఆరు చుట్టుపక్కలే అని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. అలా ఆగిన కేసును ప్రాసిక్యూషన్ మళ్లీ నడిపించుకోవచ్చు. ఇంగ్లండ్ 1967 నుంచి 10-2 తీర్పులను అనుమతిస్తున్న మాట నిజమే. జ్యూరీ సభ్యులను కొనేస్తారు, బెదిరిస్తారు అన్న భయంతో తెచ్చుకున్న మార్పు అది. ఆ భయానికి మందు సభ్యులకు రక్షణ కల్పించడం.

పది మంది చాలన్నప్పుడు జ్యూరీ గదిలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పదో చెయ్యి లేవగానే చర్చ ముగుస్తుంది. మిగిలిన ఇద్దరు ఎందుకు కాదంటున్నారో వినాల్సిన అవసరమే ఎవరికీ ఉండదు. అందరూ ఒప్పుకోవాలన్నప్పుడు ఆ ఇద్దరి ప్రశ్నకు జవాబు వెతకాలి, సాక్ష్యాన్ని మళ్లీ చూడాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువారికీ ఇప్పుడు జ్యూరీ డ్యూటీ నోటీసులు వస్తున్నాయి. యాస వేరు, రంగు వేరు అయిన మనవాళ్లు ఆ పన్నెండు మందిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు, తమ మాట వినితీరాల్సిన పరిస్థితిని కల్పించేది ఈ నియమమే.

విచారం ఏమిటంటే, శిక్ష విషయంలో వెనక్కి నడిచే రాష్ట్రాలూ ఉన్నాయి. ఒక స్కూలు కాల్పుల కేసులో మరణశిక్షకు ముగ్గురు ఒప్పుకోలేదన్న ఆగ్రహంతో ఫ్లోరిడా 2023లో చట్టం మార్చి, మరణశిక్షను సిఫార్సు చేయడానికి ఎనిమిది మంది చాలంది. ఒరెగాన్ 1934లో చేసిన తప్పే ఇది, ఈసారి ప్రాణాల మీద.

మన దేశంలో జ్యూరీలు లేవు. హత్య కేసులో నేవీ అధికారి నానావతిని నిర్దోషి అంటూ జ్యూరీ 8-1 ఓటుతో ఇచ్చిన తీర్పును బొంబాయి హైకోర్టు కొట్టేయడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యూరీ విచారణలు పూర్తిగా పోయాయి. కానీ ఈ ప్రశ్న మనల్ని వదల్లేదు. మన సుప్రీంకోర్టులో 2-1 మెజారిటీతో ఉరిశిక్ష ఖరారు కావచ్చు. 2002లో దేవిందర్‌పాల్ సింగ్ భుల్లర్ కేసులో అదే జరిగింది. ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ ఎం.బి.షా ఆయన్ని నిర్దోషి అన్నారు, మిగతా ఇద్దరూ ఉరి అన్నారు. రివ్యూ పిటిషన్ కూడా 2-1తోనే వీగిపోయింది. 2014లో యావజ్జీవంగా మారేదాకా ఆయన ఉరి నీడలోనే గడిపారు. కోయంబత్తూరులో ఇద్దరు పిల్లలను చంపిన కేసులో 2019లో మళ్లీ 2-1. ఉరి వద్దు, జీవితాంతం జైల్లో ఉంచితే చాలని జస్టిస్ సంజీవ్ ఖన్నా విడిగా రాశారు. హైకోర్టులో ఇద్దరు జడ్జీలు విభేదిస్తే మూడో జడ్జి మాట చెల్లుతుంది. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా ఈ పద్ధతిని ముట్టుకోలేదు.

యావజ్జీవం అన్న దారి నిస్సందేహంగా మూసుకుపోయినప్పుడే ఉరి వేయాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ముగ్గురిలో ఒక జడ్జికి ఆ దారి తెరిచే కనిపిస్తోందంటే ‘నిస్సందేహం’ అన్న షరతు అక్కడే తప్పిపోయినట్టు. హైకోర్టులో గానీ సుప్రీంకోర్టులో గానీ ఒక్క జడ్జి కాదన్నా ఉరి పడకూడదని, శిక్ష యావజ్జీవానికి పరిమితం కావాలని పార్లమెంటు ఆ సంహితలో స్పష్టంగా రాయాలి. అది జరిగేలోగా, 2-1తో ఖరారైన ఉరిశిక్షలను సుప్రీంకోర్టు తనంతట తానుగా మళ్లీ పరిశీలించాలి.