కూల్‌డ్రింక్ టిన్నును క్లాసులో కోసి చూపించాలి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మెకానికల్ ఇంజినీరింగ్ చెప్పే కాలేజీలకు కొదవ లేదు. డీప్ డ్రాయింగ్, అంటే లోహపు రేకును నొక్కి గిన్నెలా మలిచే పద్ధతి, పాఠం వస్తే బొమ్మ గీసి, పంచ్ (నొక్కే కడ్డీ), డై (అచ్చు) అని పేర్లు పెడితే మార్కులు పడిపోతాయి. అదే పద్ధతిలో తయారైన టిన్ను క్యాంటీన్‌లో తాగేసి చెత్తబుట్టలో పడేస్తారు. ఆ టిన్ను ల్యాబ్ బల్ల మీదికి రావాలన్నదే నా వాదన.

దానికి పక్కన అతుకు ఎక్కడా కనబడదు. పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందమున్న అల్యూమినియం రేకులోంచి సుమారు 14 సెంటీమీటర్ల బిళ్లను కోసి, ఆ దెబ్బలోనే లోతు తక్కువ గిన్నెలా మలుస్తారు. తర్వాతి మెషీన్‌లో పంచ్ ఆ గిన్నెను ఇంకా సన్నం చేసి, వరసగా మూడు రింగుల్లోంచి తోస్తుంది. ఒక్కో రింగు ముందుదాని కంటే ఇరుకు. రేకుకు వేరే దారి లేక పొడవుగా సాగుతుంది, గోడ మిల్లీమీటరులో పదోవంతుకు పలచబడుతుంది. పంచ్ తోపు చివర అడుగు లోపలికి గుంటపడుతుంది. ఇదంతా సెకనులో ఐదోవంతు కూడా పట్టదు.

ఆ గుంట అందం కోసం కాదు. అడుగు చదునుగా ఉంటే గ్యాస్ ఒత్తిడికి బయటికి ఉబ్బుతుంది, ఆపాలంటే రేకు మందం పెంచాలి. మే నెలలో 45 డిగ్రీల బెజవాడ ఎండకు రేకుల షెడ్డులో టిన్నులు నిలవ ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి ఎంత పెరుగుతుందో విద్యార్థుల చేతే లెక్క కట్టించవచ్చు. ఈ టిన్నులను సుమారు 6 వాతావరణ పీడనాలకు తట్టుకునేలా డిజైన్ చేస్తారు.

మెడ సంగతి నాకు మరీ ఇష్టం. మూత రేకు గోడ కంటే మందం, అందులో మెగ్నీషియం పాలూ ఎక్కువ. టిన్ను బరువులో దాదాపు నాలుగోవంతు మూతదే. మూత ఎంత చిన్నదైతే అంత లోహం మిగులుతుంది కాబట్టే ఒకప్పుడు 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మూత ఇప్పుడు ఎక్కువ టిన్నుల్లో 54కు దిగింది. అయితే చిన్న మూతకు సరిపోయేలా మెడను ఒక్కసారిగా నొక్కితే ముడతలు పడతాయి. అందుకే పదికి పైగా దశల్లో కొంచెం కొంచెంగా కుదిస్తారు.

ఇవన్నీ చూపించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఖాళీ టిన్ను, కత్తెర, చేతులు తెగకుండా గ్లోవ్స్, సన్నని మందాలు కొలిచే మైక్రోమీటర్ చాలు. రంగునూ లోపలి పూతనూ ఎమరీ పేపరుతో గీకి అడుగు, నడుము, మెడ మూడుచోట్లా కొలవమనండి. మూడు రీడింగులూ వేరువేరుగా వస్తాయి. ఒకే రేకులోంచి వచ్చిన గోడ నడుము దగ్గర పలచగా, మెడ దగ్గర కాస్త మందంగా ఎందుకుంది? మెడను కుదించి, మూతతో మడత వేయడానికి అక్కడ లోహం కావాలి. ఆ జవాబు పిల్లలే పట్టుకుంటారు. కొలిచి తెలుసుకున్నది మర్చిపోవడం కష్టం.

ఇంకొక మాట. ఆటోనగర్‌లో ప్రెస్సు మీద రేకు వంచే మేస్త్రీలకు రేకు ఏ మూల చిరుగుతుందో, ఏ దిక్కున ఎక్కువ సాగుతుందో చేతికి తెలుసు. సాగదీసిన టిన్ను పైఅంచు సమంగా రాక అలలు అలలుగా లేవడానికి, దాన్ని కత్తిరించాల్సి రావడానికి కారణం కూడా ఆ దిక్కుల తేడాయే. ఏడాదికి రెండు పీరియడ్లు వాళ్లకిచ్చి, తగిన పారితోషికం ఇవ్వాలి. ప్రాక్టికల్ పరీక్షలో డీప్ డ్రాయింగ్ బొమ్మ అడగడం మానేసి, చేతికి ఒక టిన్ను ఇచ్చి మూడు కొలతలూ, వాటి కారణాలూ రాయమనాలి.