ఆంద్రాషి వీధి 60వ నంబరు: చెప్పేదెంత, దాచేదెంత?

హంగేరీ రాజధాని బుడాపెస్ట్ నడిబొడ్డు నుంచి హీరోస్ స్క్వేర్ దాకా రెండు కిలోమీటర్లకు పైగా సాగే ఆంద్రాషి వీధి పేరు 1950లో స్టాలిన్ వీధిగా మారింది. సోవియట్ పెత్తనం మీద 1956లో లేచిన తిరుగుబాటు రోజుల్లో హంగేరీ యువత వీధి అన్నారు. తిరుగుబాటును అణిచేశాక 1957లో ప్రజా రిపబ్లిక్ వీధి అయింది. 1990లో మళ్లీ పాత పేరే వచ్చింది. వినడానికి సరదాగా ఉండే ఈ పేర్ల కథ కంటే అక్కడి ఒక్క భవనం కథే ఎక్కువ చెబుతుంది.

ముందు వీధి సంగతి. 1867లో వియన్నాలోని హాబ్స్‌బర్గ్ పాలకులతో రాజీ కుదిరాక హంగేరీకి తొలి ప్రధాని అయినవాడు ఆంద్రాషి. వీధికి పెట్టింది అతని పేరే. 1848-49 తిరుగుబాటులో పాల్గొని విదేశాలకు పారిపోతే, మనిషి దొరక్కపోయినా హాబ్స్‌బర్గ్ ప్రభుత్వం అతనికి లాంఛనంగా ఉరి అమలు చేసింది. చివరికి అదే సామ్రాజ్యానికి విదేశాంగ మంత్రి అయ్యాడు! బుడాపెస్ట్‌లో తూర్పు భాగమైన పెస్ట్‌ను కూడా పారిస్, వియన్నాల సరసన నిలబెట్టాలన్న పట్టుదలతో 1870లో పార్లమెంటు ఈ వీధికి అనుమతిచ్చింది. 1876లో రాకపోకలు మొదలయ్యాయి, 1884లో ఒపేరా హౌస్ వచ్చింది. ట్రాములు వీధి అందం చెడగొడతాయని భూగర్భ రైలు వేశారు. 1896లో మొదలైన ఆ మెట్రో యూరప్ ప్రధాన భూభాగంలో మొదటిది. డాబు కోసం పడ్డ తాపత్రయం ఊరికి ఇలా కూడా పనికొచ్చింది.

ఇక 60వ నంబరు. హంగేరీ నాజీల పార్టీ 'యారో క్రాస్' 1930ల చివర్లో దాన్ని తన కార్యాలయం చేసుకుంది. యుద్ధం ముగియగానే కమ్యూనిస్టుల రాజకీయ పోలీసులు అందులోనే దిగారు. హంగేరీ కాథలిక్కుల మత పెద్ద కార్డినల్ మిండ్‌సెంతిని విచారణ పేరుతో హింసించింది ఇక్కడే. 2002 ఫిబ్రవరిలో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, ప్రధాని విక్టర్ ఓర్బాన్ దాన్ని 'హౌస్ ఆఫ్ టెర్రర్' మ్యూజియంగా ప్రారంభించారు. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు, మ్యూజియం నిలిచింది.

అక్కడ నరకం చూసినవాళ్లకు ఒక గుర్తు ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా అభ్యంతరం కథ ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద. మొదటి గది పేరే 'జంట ఆక్రమణ'. అంటే నాజీలు, సోవియట్లు బయటి నుంచి వచ్చి దేశాన్ని నలిపేశారన్నమాట. ఎక్కువ గదులు కమ్యూనిస్టు కాలానికే దక్కాయని చరిత్రకారులు మొదటి నుంచీ విమర్శిస్తున్నారు. గదుల లెక్క కంటే తేదీల లెక్క ముఖ్యం. 1944 మే నుంచి జులై మధ్య 4 లక్షల 30 వేలకు పైగా యూదులను హంగేరీ నుంచి రైళ్లలో తరలించారు, దాదాపు అందర్నీ నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌కే. జర్మన్ సేనలు అప్పటికే దేశంలో ఉన్న మాట నిజం. కానీ ఊరూరా జనాన్ని పోగుచేసి రైలెక్కించింది హంగేరీ జెండార్ములు, అంటే పల్లెల్లో పనిచేసే ప్రభుత్వ పోలీసులు. అప్పటి దేశాధినేత హోర్తి. యారో క్రాస్ అధికారంలోకి వచ్చింది ఆ తర్వాత, ఆ ఏడాది అక్టోబరులో. కాబట్టి ఆ నేరానికి బాధ్యులను 60వ నంబరులో వెతికితే దొరకరు. వాళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో జీతాలు తీసుకుంటున్న సొంత అధికారులు.