చేర్చుకుంటే సరిపోదు

2017 జూన్‌లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజులకే వారిలో ఎనిమిది మంది మానేశారు. పని చేతకాక కాదు, అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేక. లాడ్జిలో ఉంటే వచ్చే జీతం దానికే చాలదు. సంస్థ ఉద్దేశం మంచిదే. కానీ ఉద్యోగంలో చేర్చుకున్నాక ఆ మనిషికి ఏం కావాలో ముందే అడిగి ఉంటే ఈ కష్టం వచ్చేది కాదు.

మన కంపెనీల సంగతీ చూడాలి. దివ్యాంగులకు సమాన అవకాశాల విధానం ఉండాలని 2016 చట్టం చెబుతోంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు తమ దగ్గర మహిళలు, దివ్యాంగులు ఎంతమందో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఏటా లెక్క చెబుతున్నాయి. ఎంతమంది ఉన్నారో ఆ లెక్కలో తెలుస్తుంది. యాజమాన్యం తమ వెనుక నిలబడుతుందని వాళ్లు నమ్ముతున్నారో లేదో తెలియదు.

ఉద్యోగికి యాజమాన్యం అంటే ఎండీ కాదు, రోజూ కనిపించే టీమ్ లీడ్. ప్రసూతి సెలవు నుంచి వచ్చిన అమ్మాయికి రేటింగ్ తగ్గితే, వినికిడి లోపమున్న ఉద్యోగిని మీటింగ్‌కు పిలవడమే మానేస్తే, గోడమీది పాలసీని ఎవరూ నమ్మరు. హెచ్‌ఆర్‌కు చెబితే అప్రైజల్‌లో దెబ్బ పడుతుందన్న టెన్షన్‌తో చాలామంది నోరు మెదపరు. ఫిర్యాదులు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం పెద్ద పొరపాటు.

కంపెనీలు ఉద్యోగుల అభిప్రాయ సర్వేలు చేస్తూనే ఉన్నాయి. వందలో 95 మంది బాగుందన్నారంటే యాజమాన్యం సంతోషిస్తుంది. మిగిలిన ఐదుగురూ దివ్యాంగులే అయితే? సగటు లెక్క ఆ ఐదుగురినీ మింగేస్తుంది. అందుకే పేర్లు బయటపడకుండా, మహిళలు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు ఏమన్నారో విడివిడిగా లెక్కగట్టాలి. ఆ ఫలితాన్ని ఏటా వెల్లడించాలని సెబీ నిబంధన పెట్టాలి.

ప్రైవేటు సంస్థలకు చెప్పే ముందు ప్రభుత్వం తన ఇంట్లో ఈ పని మొదలుపెట్టాలి. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి 39 మంది ట్రాన్స్‌జెండర్లను తీసుకుంది. చాలా మంచి నిర్ణయం. వాళ్లకు అద్దె ఇల్లు దొరికిందా, డ్యూటీ చోట బాత్రూమ్ ఉందా, ఎవరైనా అవమానిస్తే పై అధికారి అండగా నిలిచారా అన్నది వాళ్లనే కూర్చోబెట్టి అడగాలి. వచ్చిన జవాబులను బయటపెట్టాలి.