కాల్షియం గారికి ఒక బోరు బాధితుడి లేఖ

నల్లగొండ

కాల్షియం గారూ,

నిన్న పొద్దున మా హీటర్ రాడ్డు కాలిపోయింది. బకెట్‌లోంచి తీసి చూస్తే రాడ్డు కనపడలేదు, మీరే కనపడ్డారు. సర్వపిండి అంత మందాన తెల్లటి పెచ్చు! బోరు నీళ్లలో బైకార్బనేటుగా కరిగి, ఏమీ ఎరగనట్టు వస్తారు. నీళ్లు కాగగానే కార్బన్ డయాక్సైడును గాలికొదిలేసి, కార్బనేటై రాడ్డును కరుచుకుంటారు. చింతపండు పులుసు పోసి రుద్దితే బుసబుసా నురగ కక్కుతూ కదిలారు గానీ, అప్పటికే రాడ్డు పనైపోయింది.

సబ్బు సంగతి చెప్పక్కర్లేదు. నురగ రాకముందే మీరూ మీ అన్న మెగ్నీషియమూ కలిసి దాన్ని తెట్టు చేసి బకెట్ అంచుకు పూస్తారు. 1808లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ మీ నలుగురినీ ఒకే ఏడు బయటికి లాగాడు. మిగతా ఇద్దరు కాస్త నయం. స్ట్రాన్షియం దీపావళికి ఎర్రటి వెలుగిస్తుంది. బేరియం ఆకుపచ్చ వెలుగిస్తుంది, సల్ఫేటు రూపంలో కడుపు ఎక్స్‌రేకూ పనికొస్తుంది.

పిలవని పేరంటానికి ఇలా వచ్చే మీరు, పిలిచిన చోటికి రారేం? నీళ్లలో మీరు దండిగా ఉంటే ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దించేవారు. ఫ్లోరైడ్ బోర్లలో చూస్తే మీ జాడే తక్కువ. అది మిమ్మల్ని వెతుక్కుంటూ మనుషుల ఎముకల్లోకి పోయింది. మా జిల్లాలో నడుములు వంగినవాళ్లను చూశాక నాకు వేళాకోళం రాదు, ఆ మాట ఇక్కడ ఆపుతాను.

పోచంపల్లికి చీరలతో పేరొస్తే మాకు నీళ్లతో వచ్చింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు ఫ్లోరైడు తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేర్చి, వడకట్టాలి. ఆ మూడింట్లో సున్నం, బ్లీచింగ్ పౌడర్ రెండూ మీరే! అంటే కొలిచి, డబ్బులిచ్చి తెచ్చుకుంటే తప్ప మంచి పనికి రారన్నమాట.

తాగడానికిప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. స్నానానికి మాత్రం బోరే. కొత్త రాడ్డు కొన్నాను, దాని జోలికి రాకండి. పండక్కి గోడలకు సున్నం వేయిస్తున్నాం, అక్కడికి తప్పకుండా రండి. గాల్లో కార్బన్ డయాక్సైడు కావలసినంత ఉంది, పీల్చుకుని రాయిలా గట్టిపడండి. పోయినేడు వేయించింది ఇంకా చొక్కాలకు అంటుతోంది.

ఇట్లు,
తల జిడ్డు వదలని ఒక నల్లగొండ వాసి