సర్వేకి పోటు వేళ రండి

నెల్లూరు నుంచి కృష్ణపట్నం వైపు వెళ్లేవాళ్లు గమనించే ఉంటారు, పొద్దున పగుళ్లిచ్చినట్టున్న బురద నేల సాయంత్రానికి నీళ్లతో మెరుస్తుంటుంది. వాన పడలేదు, కండలేరు ఉప్పుటేరులోకి పోటు ఎక్కిందంతే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యం, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకాస్త పైకి. మన తీరంలో పోటు లేచేది మహా అయితే మీటరుకు అటూ ఇటూ. కానీ నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త నీరే మడచెట్ల వేళ్ల మధ్య నుంచి ఎక్కడెక్కడికో పాకిపోతుంది.

యానాది ఆడవాళ్లు ఈ బురదలోకి దిగేది పొద్దు చూసుకుని కాదు, ఆటు చూసుకుని. మోకాలి లోతులో పాదంతో తడుముకుంటూ బొక్క దొరికితే వంగి, మండపీతను వెనక నుంచి ఒడుపుగా పట్టి, గిట్టలు కట్టేసి తట్టలో వేసుకుంటారు. వేలు గిట్టలో పడిందా, ఆ రోజు పని ముగిసినట్టే.

సర్వేకని ఆటు వేళ మధ్యాహ్నం జీపు దిగి చూసిన అధికారులకు ఇదంతా బీడులాగే కనిపిస్తుంది మరి. బీడు అనుకున్నాక గట్టు వేయడం ఎంతసేపు? టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే, పిల్లలు మాత్రం పోటు మీద ఉప్పుటేళ్లలోకి వచ్చి పెరిగి, ఒళ్లు చేశాక తిరిగి వెళ్తాయి. అంటే రొయ్యల చెరువు కోసం గట్టు వేసి రొయ్యకే దారి మూసేస్తున్నాం. సాగు వద్దని మేం అనడం లేదు, ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు దాని మీద నడుస్తున్నాయో మాకూ తెలుసు. నీళ్లు వచ్చిపోయే దారిలో మాత్రం వద్దంటున్నాం.

పెన్న సంగతీ అంతే. నది సముద్రం దాకా పారకపోతే ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేస్తుంది, పోటు లోపలికి రావడం కష్టమవుతుంది.

2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ మడ అడవులను, ఇలాంటి బురద నేలలను అత్యంత కట్టుదిట్టమైన కేటగిరీలోనే పెట్టింది. ఆ కేటగిరీ హద్దు గీత మ్యాపులో ఉంటే చాలదు, నేల మీద కనపడాలి. కాబట్టి అధికారులకు మేం అడిగేది చిన్నదే. ఈసారి సర్వేకి ఆటు వేళ కాకుండా అమావాస్య పోటు వేళ రండి, చెప్పులు చేతిలో పట్టుకుని నడవండి, నీళ్లు ఎక్కడిదాకా వస్తే అక్కడ రాయి పాతండి.